తెగిన మోకాటి బంధనము: శస్త్రచికిత్సలపై ఒక విమర్శ

అనకాపల్లి జిల్లాలోని ఇతర ప్రాంతములందు వలెనే రావికమతం చుట్టుపట్ల పల్లెలలోను చెడుగుడు యువకులకు ప్రీతిపాత్రమైన ఆట. ఇప్పుడు దానిని కబడ్డీ అనుటయే వాడుక. కూత పెట్టి వచ్చినవాడు పట్టు తప్పించుకొనుటకై ఒంటికాలిపై గిరుక్కున తిరుగును. పాదము నేలకు అంటియుండగా తొడ పక్కకు మెలితిరుగును. ఆ క్షణమున మోకాలిలో 'టప్' మని చప్పుడై, కొన్ని గంటలలోనే కీలు ఉబ్బినచో, లోపల ఒక ముఖ్యమైన బంధనము తెగినదేమో యని అనుమానింపవలెను. పిదప ఇంటిల్లిపాదికిని ఎదురగు ప్రశ్నలు రెండు: ఆపరేషను చేయించవలెనా? చేయించినచో ఏ ఆపరేషను మంచిది?

ఈ ప్రశ్నలు వైద్యులకు నూరేండ్లకు పైగా పరిచితములు. ప్రతి తరము వారును తమ పద్ధతియే సరియైనదని ధైర్యముగా చెప్పిరి. తరువాతి తరము వారు దానిలోని లోపములను బయటపెట్టిరి. ఆ సమాధానములను ఒక్కొక్కటిగా తూచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. వాదమంతయు కత్తి చుట్టును, కుట్టు చుట్టును తిరుగుచున్నది. మోకాలిని నిలబెట్టునది మాత్రము ఆ తరువాత నెలల తరబడి సాగు వ్యాయామ శిక్షణ. ఆపరేషను వద్దనుకొన్న వానికిని ఆ శిక్షణయే దిక్కు. పల్లెలలో అందుట కష్టమైనదియు అదియే.

నరము కాదు, బంధనము

"మోకాలి నరం తెగింది" అనుట జనసామాన్యములో వాడుక. నరము మెదడునకును అవయవములకును నడుమ వార్తలు మోయునది. ఈ దెబ్బలో తెగునది అది కాదు. కొన్ని పత్రికలలో 'స్నాయువు' అను మాట కనబడును. అదియు చిక్కు తెచ్చుచున్నది. ఎముకను ఎముకతో కట్టియుంచు పట్టీని బంధనమనియు, కండరమును ఎముకతో కట్టు త్రాటిని స్నాయువనియు వేరుచేసి చెప్పుట మేలు. ఈ భేదము మాటల పట్టింపు మాత్రమే కాదు. తెగిన బంధనమునకు బదులుగా శస్త్రవైద్యులు అమర్చునది సాధారణముగా ఒక స్నాయువే. రెంటికిని ఒకే పేరు పెట్టినచో దేనిని తీసి దేనికి బదులుగా పెట్టుచున్నారో విద్యార్థికి బోధపడదు.

మోకాటిలో ముఖ్యమైన బంధనములు నాలుగు. లోపలి పక్కన ఒకటి, వెలుపలి పక్కన ఒకటి కలవు. కీలు నడుమ రెండు బంధనములు కత్తెర కాళ్ళవలె ఒకదాని నొకటి దాటిపోవును. వానిని కత్తెర బంధనములనవచ్చును. వానిలో ముందరి దానిని వైద్యులు ఎ.సి.ఎల్. అందురు. దాని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ఇంత చిన్న పట్టీ యువకులలో సుమారు 2,160 న్యూటన్ల లాగుడునకు గాని తెగదని ప్రయోగములలో తేలినది. అనగా సుమారు 220 కిలోగ్రాముల బరువును వ్రేలాడదీసినట్లు. తొడ ఎముక క్రింద కాలి ఎముక ముందునకు జారకుండ ఆపుటయు, మెలిక పడకుండ కాచుటయు దాని పని. అందుచేతనే అది తెగినవారిలో అనేకులు తిన్నని బాటపై నడువగలరు, సైకిలు తొక్కగలరు. కాని ఉరుకుచు చటుక్కున తిరుగబోయినపుడు మోకాలు 'జారిపోయినట్లు' కూలుదురు.

"లిగమెంటు తెగినది గనుక ఆపరేషను కావలెను" అను వాక్యములోనే మొదటి లోపము కలదు. ఏ బంధనము అన్నది అందులో లేదు. లోపలి పక్క బంధనము కీలు గదికి వెలుపల నుండును. దానికి నెత్తురు చక్కగా అందును. అది తెగినపుడు చాలమందికి కీలుపట్టీ కట్టి, క్రమముగా వ్యాయామము చేయించినచో కత్తి లేకయే అతుకుకొనును. వెనుకటి కత్తెర బంధనము ఒక్కటే గాయపడినపుడును తరచు మొదట వ్యాయామ చికిత్సయే చేయుదురు. ఇక పెద్ద ప్రమాదములలో మూడు నాలుగు బంధనములు ఒక్కసారి తెగి కీలు తప్పినచో, మోకాటి వెనుకనున్న పెద్ద ధమని చిట్లియుండవచ్చును. అపుడు గంటలు లెక్కింపవలసినదే. అట్టివానిని కట్టు కట్టి ఇంటిలో పరుండబెట్టుట కాలికే ముప్పు. కాబట్టి అసలు వివాదమంతయు ముందరి కత్తెర బంధనమును గురించియే.

కుట్టు యేల నిలువలేదు?

తెగిన గుడ్డను కుట్టినట్లు తెగిన బంధనమును కుట్టవచ్చునను ఆలోచన సహజమైనది. 1895లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుడు 41 ఏండ్ల గని కార్మికునికి రెండు కత్తెర బంధనములను కుట్టెను. ఆ కార్మికుడు తిరిగి పనిలోనికి పోగలిగెనని 1903లో ప్రకటించెను. ఒక్క రోగి కథ అయినను అది చాల కాలము వైద్యులకు ఆశ గొల్పినది.

ఆ ఆశను పరీక్షకు పెట్టినవారు అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయపు వైద్యులు. అచ్చటి విద్యార్థులకు కుట్టు వేసి ఐదేండ్ల తరువాత మరల చూచి, ఫీగిన్, కర్ల్ అనువారు 1976లో ఫలితములు ప్రకటించిరి. తొలి రెండేండ్లు బాగుగనే కనబడిన మోకాళ్ళు ఐదేండ్లు నిండునప్పటికి చాలమందిలో నిలకడ తప్పినవి. ఈ పరిశీలన నేర్పిన పాఠము రెండు విధములది. ఒకటి, కుట్టు మాత్రమే చాలదు. రెండవది, శస్త్రచికిత్స గొప్పతనమును ఆరు నెలలకో ఏడాదికో తీర్మానింపరాదు.

కుట్టు విఫలమగుటకు కారణమును విరిగిన ఎముకతో పోల్చి చెప్పినచో సులభముగా తెలియును. పుత్తూరు కట్టును గురించి విననివారు ఆంధ్రదేశమున అరుదు. ఏ కట్టు కట్టినను ఎముకను అతికించునది కట్టు కాదు, శరీరమే. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డయే పరంజివలె నిలిచి, దానిపై కొత్త కణములు ప్రాకి అతుకు వేయును. కట్టు చేయునది ముక్కలను కదలనీయకుండుట మాత్రమే. ముందరి కత్తెర బంధనము కీలు ద్రవములో నున్నది. తెగిన కొసల నడుమ గడ్డకట్టిన నెత్తురును ఆ ద్రవములోని ఎంజైములు కరగించివేయును. పరంజి లేనిచోట గోడ లేవదు. కావున ఎన్ని నెలలు కట్టు కట్టినను ఆ కొసలు సాధారణముగా గట్టిగా అతుకవు. పైగా కదలక యున్న తొడ కండరములు క్షీణించి, కీలు బిగిసికొనును.

ఈ కారణము తెలిసిన పిదప కుట్టు పద్ధతికే కొత్త ఊపిరి వచ్చినది. అమెరికాలో మార్తా మర్రే అను శస్త్రవైద్యురాలు తెగిన కొసల నడుమ కొల్లాజెనుతో చేసిన స్పంజి వంటి ముక్కను ఉంచి, దానిని రోగి నెత్తురుతోనే తడిపి, పరంజి కరగిపోకుండ నిలిపెను. 2020లో ఆ దేశపు ప్రభుత్వ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి నిచ్చినది. ఆలోచన అందమైనది. అయినను దాని పక్షమున ముఖ్యమైన పోలిక 100 మందిపై జరిగినది. రెండేండ్లకు మోకాటి పనితనమున అది పాత పద్ధతికి తీసిపోలేదు. కాని మరల తెగినవారు ఇందులో నూటికి 14, పాత పద్ధతిలో నూటికి 6. ఇంత చిన్న గుంపులలో ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చును, కాకపోవచ్చును. పెద్ద పరీక్షలు, దీర్ఘ కాలపు ఫలితములు వచ్చువరకు దీనిని ఆశాజనకమైన ప్రయత్నమని మాత్రమే చెప్పుట న్యాయము.

మారు బంధనము: ఏది తీసికొని, ఏది ఇచ్చును?

అతుకనిదానిని విడిచి, వేరొక త్రాటిని దాని స్థానమున నెలకొల్పుట రెండవ మార్గము. 1917లో బ్రిస్టలు నగర వైద్యుడు హే గ్రోవ్స్ తొడ వెలుపలి పక్కనున్న గట్టి పొరనుండి పట్టీని చీల్చి, ఎముకలలో సొరంగములు తొలిచి వానిగుండ దూర్చి ఈ పద్ధతికి పునాది వేసెను. 1980 తరువాత సన్నని గొట్టము వంటి దర్శిని సాయముతో, కీలును పూర్తిగా విప్పకయే, చిన్న రంధ్రముల ద్వారా ఈ పని చేయుట అలవాటైనది. నేడు 'ఎ.సి.ఎల్. ఆపరేషను' అన్న సాధారణముగా ఇదియే. త్రాటిని ఎచ్చటినుండి తేవలెనన్నదే వాదము.

మొదటిది, మోకాటిచిప్ప క్రింది స్నాయువులోని నడిమి భాగము. ఇరు కొసలందును చిన్న ఎముక ముక్కలతో దీనిని తీసెదరు. సొరంగములో ఎముకకు ఎముక త్వరగా అతుకుకొనును; ఆటగాండ్రకు దీనిపై మక్కువ హెచ్చు. కాని మోకాలు ముందుభాగమున నొప్పియు, మోకరిల్లినపుడు బాధయు ఇందులో ఎక్కువ. రెండవది, తొడ వెనుకనుండి వచ్చు రెండు సన్నని స్నాయువులను మడిచి నాలుగు పేటలుగా చేసిన త్రాడు. ప్రయోగశాలలో దాని బలము అసలు బంధనమును మించును, గాటు చిన్నది, ముందు నొప్పి తక్కువ. కాని మోకాటిని పూర్తిగా మడుచు కండరబలము కొంత తగ్గును. మూడవది, మోకాటిచిప్ప పైనున్న స్నాయువునుండి తీసినది. ఇటీవల దీని వాడుక పెరుగుచున్నది. దీనికి తొడ ముందరి కండరమును మరల బలపరచుకొను శ్రమ చెల్లింపవలెను.

ఈ మూడును రోగి శరీరమునుండి తీసినవే. 'ఏది అన్నిటికంటె బలమైనది' అను ప్రశ్న వేయుటలోనే విమర్శకు తావున్నది. త్రాటి బలమును కొలుచునది యంత్రము. కొలిచినది ఆపరేషను నాటి బలము. శరీరములో పెట్టిన పిమ్మట ఆ త్రాడు నెత్తురు అందక మొదట కొంత చచ్చును; తరువాత కొత్త రక్తనాళములు చొచ్చుకొని, క్రమముగా బంధనము వలె మారును. ఈ మార్పు నెలల తరబడి జరుగును. తొలి నెలలలో రోగికి నొప్పి తగ్గి, 'బాగైనది' అనిపించు వేళకే లోపలి త్రాడు మిక్కిలి బలహీనముగా నుండవచ్చును. తొందరపడి బరిలో దిగినవాని ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది.

దాత శరీరమునుండి తెచ్చిన స్నాయువు వాడినచో రోగికి రెండవ గాయము తప్పును. పెద్ద వయస్సువారికి అది సరిపోవచ్చును. కాని అమెరికాలో వేల రోగులను వెంబడించి చూచిన పరిశీలనలో, దాత త్రాడు మరల తెగు అవకాశము రోగి స్వంత త్రాటికంటె సుమారు 5 రెట్లు కనబడినది. ఆ నష్టము చిన్న వయస్సు ఆటగాండ్రకే ఎక్కువ. ఇక కృత్రిమ త్రాళ్ళ కథ గుణపాఠము వంటిది. 1980 దశకమున కార్బను నారలు, డెక్రాను, గోర్‌టెక్సు మున్నగువానిని ఉత్సాహముతో వాడిరి. ఉక్కుతో సమానమను ప్రచారమునకు లోటు లేదు. కొన్ని యేండ్లలో అవి నలిగి తెగి, వాని పొడి కీలులో వాపు పుట్టించినది. పదేండ్లు గడవకముందే చాలమంది వైద్యులు వానిని విడిచిరి. శరీరము తనలో కలుపుకొనలేని వస్తువు ఎంత గట్టిదైనను లక్షల అడుగుల నడకకు తాళదు.

సొరంగముల త్రాటికి తోడుగా మోకాటి వెలుపలి పక్కన పొరతో అదనపు కట్టు వేయు పద్ధతి ఫ్రాన్సులో 1960 దశకమున పుట్టి, కొంత కాలము మరుగునపడి, మరల వచ్చినది. 2020లో ప్రకటించిన ఒక పరీక్షలో 14 నుండి 25 ఏండ్ల లోపు 618 మందిని రెండు గుంపులుగా చేసిరి. రెండేండ్లలో త్రాడు తెగినవారు అదనపు కట్టు లేనివారిలో నూటికి 11. ఉన్నవారిలో నూటికి 4. పారవేసిన పద్ధతిని సరియైన రోగులయందు మరల పరీక్షించి నిలబెట్టుటకు ఇది మంచి ఉదాహరణము.

హైస్కూలు విద్యార్థుల విషయమున ఇంకొక జాగ్రత్త కలదు. ఎదుగుచున్న పిల్లల ఎముకల కొసలవద్ద పెరుగుదల పలకలుండును. సొరంగము వానిని అడ్డముగా దెబ్బతీసినచో కాలు పొట్టియగుటయో వంకర పోవుటయో జరుగవచ్చును. పిల్లలకు ఆపరేషను చేయరాదని దీని అర్థము కాదు. పలకలను కాచు ప్రత్యేక పద్ధతులు కలవు. పెద్దలకు చేసినట్లే చేయరాదని మాత్రము అర్థము.

కత్తి ముందా, వ్యాయామము ముందా?

ఏ ఆపరేషను అనుటకు ముందు, ఆపరేషనే కావలెనా యని అడిగి, చీట్లు వేసినట్లు రోగులను రెండు గుంపులుగా విభజించి చూచిన ముఖ్యమైన పరీక్షలు మూడు కలవు.

మొదటిది స్వీడను దేశమున జరిగినది, 2010లో ప్రకటితము. గాయపడి నాలుగు వారములు దాటని 121 మందిలో కొందరికి వెంటనే ఆపరేషనును, వ్యాయామ శిక్షణయు. తక్కినవారికి మొదట శిక్షణ మాత్రమే ఇచ్చి, మోకాలు నిలువనిచో మాత్రము తరువాత ఆపరేషను. రెండేండ్లకును, ఐదేండ్లకును రెండు గుంపుల బాగోగులలో చెప్పుకోదగిన తేడా లేదు. రెండవ గుంపులో ఐదేండ్లకు దాదాపు సగముమందికి ఆపరేషను అవసరమైనది. తక్కిన సగమునకు అవసరమే కలుగలేదు. రెండవది నెదర్లాండ్సులో 167 మందిపై జరిగి 2021లో వెలువడినది. వెంటనే ఆపరేషను చేసినవారు రెండేండ్లకు కొంచెము మెరుగు. కాని ఆ తేడా రోగికి తెలియునంతటిది కాకపోవచ్చును. అందును రెండవ గుంపులో సగము మంది ఆపరేషను లేకయే గడిపిరి. మూడవది బ్రిటనులో 316 మందిపై జరిగి 2022లో ప్రకటితమైనది. ఇందులోని రోగులు కొత్తగా గాయపడినవారు కారు. చాల కాలముగా మోకాలు జారుచున్నవారు. ఇచ్చట ఆపరేషను గుంపు స్పష్టముగా మెరుగు: నూటికి 73 మార్కులు, శిక్షణ గుంపునకు 64.6.

పైపైన చూచువారు ఒక పరీక్షను పట్టుకొని "ఆపరేషను దండుగ" అందురు. వేరొకరు మరొకదానిని చూపి "ఆపరేషనే శరణ్యము" అందురు. ఈ మూడును ఒండొంటిని ఖండించుట లేదు. తాజా గాయమునకు తొందర అవసరము లేదు. కొన్ని నెలల శిక్షణతో సుమారు సగము మంది గట్టెక్కవచ్చును. శిక్షణ తరువాతను మోకాలు జారుచునే యున్నచో ఇంకను కాలయాపన చేయరాదు. జారిన ప్రతిసారియు కీలు నడుమ నెలవంక ఆకారములో నున్న మృదులాస్థి మెత్తలు నలిగి చినుగు ప్రమాదము కలదు. ప్రజలు 'గుజ్జు అరిగినది' అను దశకు అది దగ్గరి దారి. కాని ఆపరేషను చేసినచో ముసలితనమున కీలు అరుగుదల రాదని హామీ లేదు. అట్టి హామీ నిచ్చువారి మాట నమ్మదగదు. చినిగిన బంధనము ఎమ్.ఆర్.ఐ. చిత్రములో కనబడును, మోకాలు జారునో నిలుచునో ఆ చిత్రములో కనబడదు. చిత్రమును కాదు, మనిషిని చూచి నిర్ణయింపవలెను.

విజేత కథలోని తర్కము

ఈ సందర్భమున తెలుగువారికి వెంటనే స్ఫురించు పేరు పుల్లెల గోపీచంద్. ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన ఈ బాడ్మింటన్ క్రీడాకారునికి 1994లో పూణేలో జరిగిన జాతీయ క్రీడలలో జంటల ఆట ఆడుచుండగా ముందరి కత్తెర బంధనము తెగినది. శస్త్రచికిత్స జరిగినది. 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదేండ్లు జాతీయ విజేత యయ్యెను. 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తో ఓడించి ఆల్ ఇంగ్లండు బిరుదును గెలిచెను. మరియొకటి విశాఖపట్నమున ప్రేక్షకులు కన్నులార చూచినది: 2022 డిసెంబరు కారు ప్రమాదములో మోకాటి బంధనములు తెగిన క్రికెట్ ఆటగాడు రిషభ్ పంత్ 2023 జనవరిలో ముంబయిలో శస్త్రచికిత్స చేయించుకొని, 2024 మార్చి 31న విశాఖ మైదానమున 32 బంతులలో 51 పరుగులు చేసెను.

ఇట్టి కథలు ధైర్యము నిచ్చును. రుజువులు మాత్రము కావు. విజేత మోకాలును లోకము చూచును. అదే ఆపరేషను చేయించుకొని ఆట మానివేసినవాని మోకాలును ఎవ్వరును చూడరు. అనేక పరిశీలనలను కూర్చి 2014లో చేసిన గణనలో, ఆపరేషను తరువాత ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవారు నూటికి 81. మునుపటి స్థాయికి చేరినవారు 65. పోటీ ఆటలకు మరల వచ్చినవారు 55 మాత్రమే. 25 ఏండ్ల లోపువారు ఆటకు తిరిగి వచ్చినచో, నూటికి 23 మందికి అదే మోకాలో, రెండవ మోకాలో మరల తెగినదని 2016లో మరొక గణన తెలిపినది.

పై రెండు కథలలోను ప్రజలు మరచు సంగతి కాలము. పంత్‌కు దెబ్బ తగిలిన నాటినుండి బరిలో దిగు వరకు దాదాపు 15 నెలలు పట్టినది. ఆ కాలమంతయు నిపుణుల పర్యవేక్షణలో గడచినది. గోపీచంద్ గాయమునకును, ఆల్ ఇంగ్లండు గెలుపునకును నడుమ ఏడేండ్లు కలవు. తలుపు తెరచినది శస్త్రచికిత్స యైనను, లోపలికి నడిపించినది సాధన. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 106 మందిని రెండేండ్లు గమనించి 2016లో తెలిపిన ఫలితము దీనిని అంకెలలో చూపుచున్నది: ఆపరేషను తరువాత తొమ్మిదవ నెల వరకు ఆటకు తిరిగి వెళ్ళుట ఆలస్యము చేసిన ప్రతి నెలకును మరల గాయపడు ప్రమాదము సుమారు సగమునకు తగ్గినది.

రావికమతం నుండి చూచినపుడు

పై పరీక్షలన్నియు సంపన్న దేశములలో జరిగినవి. అచ్చట 'ఆపరేషను లేని గుంపు' అనగా ఏమియు చేయని గుంపు కాదు. ఫిజియోథెరపిస్టు చేతి క్రింద నెలల తరబడి వ్యాయామము చేసిన గుంపు. ఈ మాటను విడిచి ఫలితమును మాత్రము తెచ్చి పల్లెలో చెప్పినచో అది అపార్థమునకు దారి తీయును. "ఆపరేషను లేకున్నను సగము మందికి బాగగును" అని విని, నెల రోజులు కట్టు కట్టుకొని కూర్చుండి, పిదప పొలము గట్టుపై బరువు మోయుచు జారిపడిన రైతు ఆ పరీక్షలలోని రోగి కాడు. అట్లే విశాఖపట్నము పోయి ఆపరేషను చేయించుకొని, కుట్లు విప్పిన తరువాత వ్యాయామమునకు మరల పోలేక, వంగని మోకాలుతో, సన్నబడిన తొడతో మిగిలినవాడును ఆ పరీక్షలలో లేడు. ఇట్టివారి విషయమున తప్పు త్రాటిది కాదు; శిక్షణ అందకపోవుటది.

త్రాడు ఎన్నుకొనుటలో గూడ ఇచ్చటి జీవనమును లెక్కింపవలెను. పాశ్చాత్య పుస్తకములలోని రోగి కుర్చీపై కూర్చుండును. ఇచ్చటివారు మఠము వేసికొని భోజనము చేయుదురు, గొంతుక్కూర్చుండి కలుపు తీయుదురు, మోకరిల్లి పూజయో ప్రార్థనయో చేయుదురు. మోకరిల్లుట దినకృత్యమైనవానికి మోకాటిచిప్ప క్రింది త్రాడు బాధ మిగుల్చవచ్చును. గొంతుక్కూర్చుండి పని చేయువానికి తొడ వెనుకటి స్నాయువులు తీసినందువలన పూర్తి మడతలో బలము తగ్గుట తెలియవచ్చును. కబడ్డీ ఆటగాని లెక్క వేరు; అంగడిలో కూర్చుండువాని లెక్క వేరు. "నీవు చేయు పని యేమి? నేలపై కూర్చుందువా? నెలల తరబడి వ్యాయామమునకు రాగలవా?" అని అడుగక త్రాటిని నిర్ణయించిన వైద్యము, ఎంత నేర్పుతో చేసినను, అసంపూర్ణము.

మార్గము లేకపోలేదు. ఈ వ్యాయామములలో చాల భాగమునకు యంత్రములు అక్కరలేదు. వాపు తగ్గించుట, మోకాలును పూర్తిగా చాచుట, తొడ ముందరి కండరమును బిగించి సడలించుట తొలి వారముల పని. పిదప గోడకు ఆనుకొని సగము కూర్చుండుట, మెట్టు ఎక్కి దిగుట, ఒంటికాలిపై నిలుచుట, సైకిలు తొక్కుట. మూడు నాలుగు నెలలకు, కీలు ఒప్పుకొన్నచో, తిన్నగా పరుగు. మెలికలు, గెంతులు ఆ పిమ్మట. తొమ్మిది నెలలు నిండి, గాయపడిన కాలి బలము రెండవ కాలి బలములో నూటికి 90 పాళ్ళకు చేరిన తరువాతనే పోటీ ఆట. ఎప్పుడేది చేయవలెనో నిర్ణయించుటకును, అప్పుడప్పుడు సరిచూచుటకును నిపుణుడు కావలెను. ఆ సరిచూపు మండల స్థాయిలో అందినచో, పట్టణపు ఆపరేషనుపై పెట్టిన డబ్బు వృథా కాదు. ఆపరేషను అక్కరలేనివానికి అది తప్పనుకూడ తప్పును.

బడిలో చేయదగినది

అన్ని శస్త్రచికిత్సలకంటె మేలైనది బంధనము తెగకుండ చూచుట. ఇది ఉపాధ్యాయుల చేతిలో కొంత యున్నది. ముందరి కత్తెర బంధనపు గాయములలో చాల భాగము ఎదుటివాని దెబ్బవలన గాక, తప్పుగా గెంతి దిగుటవలనను, కాలు నాటి తిరుగుటవలనను కలుగును. ఒకే రకపు ఆటలలో బాలికలకు ఈ గాయము బాలురకంటె రెండు మూడు రెట్లు హెచ్చుగా కలుగుచున్నది. గెంతి దిగునపుడు మోకాళ్ళు కొంత వంగియుండవలెను. అవి లోపలికి ఒకదాని వైపు ఒకటి వాలరాదు. తిరుగునపుడు ఒక్క పెద్ద అడుగు నాటక, చిన్న అడుగులు వేయవలెను. గెంతుట, దిగుట, ఒంటికాలి నిలుకడ, తొడ వెనుకటి కండరముల బలము: వీనిని ఆటకు ముందు పదిహేను నిమిషముల చొప్పున, వారమునకు రెండు మూడు మారులు క్రమము తప్పక చేయించినచో ఈ గాయములు దాదాపు సగమునకు తగ్గునని అనేక పరిశీలనలను కూర్చిన గణనలు తెలుపుచున్నవి. ఏ త్రాటికిని, ఏ కుట్టుకును ఇంతటి ఫలితము లేదు.

కబడ్డీ, ఖోఖో ఆడించు ప్రతి హైస్కూలులోను ఈ పదిహేను నిమిషములకు చోటు కల్పింపవచ్చును, ఖర్చు లేదు. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు కీళ్ళ పాఠము చెప్పుచు బంధనమునకును స్నాయువునకును భేదము నేర్పిన నాడే, వ్యాయామోపాధ్యాయుడు అదే పిల్లలకు గెంతి దిగుట నేర్పినచో పాఠము పూర్తియగును. అయినను ఎవరికైన మోకాలు 'టప్' మని చప్పుడై వాచినచో, ఆట ఆపించి, మర్దన చేయింపక, మంచు కాపడము పెట్టి వైద్యునివద్దకు పంపవలెను. ఆ వైద్యునితో అడుగవలసిన మొదటి ప్రశ్న "ఏ ఆపరేషను?" అని కాదు, "రాబోవు తొమ్మిది నెలలు ఈ కాలికి వ్యాయామము చేయించువారెవరు?" అని.